అరచేతిలో పొత్తము

రాజమహేంద్రవరమునుండి జాతీయ రహదారి వెంట దక్షిణముగ వచ్చువారు జొన్నాడకడ గౌతమీ గోదావరిపై వంతెన దాటగనే రావులపాలెము చేరుదురు. ఇది కోనసీమకు ముఖద్వారము. ఇచ్చటి అరటిగెలల సంత మిక్కిలి ప్రసిద్ధము. లంకలనుండి, చుట్టుపట్ల గ్రామములనుండి చక్కెరకేళి, కర్పూరము, బొంత మొదలగు రకముల గెలలు వచ్చి, లారీలకెక్కి దూరప్రాంతములకు తరలిపోవుచుండును. గెల పోయినను చెట్టు మిగిలియుండును. దాని దవ్వచుట్టునున్న పట్టలను ఒలిచి, ఎండనిచ్చి, సన్నగ చీల్చి తీసిన నారతో ఇండ్లలో స్త్రీలు పూలదండలు కట్టుదురు. చేలగట్లపై తాడిచెట్లును, ప్రతి పెరటిలో కొబ్బరిచెట్లును కలవు. తాటాకు, అరటినార, కొబ్బరిచిప్ప అను నీ మూడు వస్తువులకు ఈ ప్రాంతమున విలువ కట్టువారు లేరు. కాని యీ మూడింటితో ఒక గ్రంథమును నిర్మింపవచ్చును. అది అరచేతిలో నిముడునంతటి చిన్న గ్రంథము.

చిన్న పుస్తకమనగానే పలువురు దానిని ఆటవస్తువుగా తలంతురు. లోకమున నట్టి పుస్తకములను ప్రీతితో సేకరించువారు పెక్కుమంది కలరు. పొడవునందుగాని, వెడల్పునందుగాని, మందమునందుగాని మూడంగుళములు మించని దానినే అమెరికా దేశపు సేకర్తలు సూక్ష్మగ్రంథముగ పరిగణింతురు. ఇంతకంటె పెద్దది కారాదని హద్దు గీయుట సులభమే. ఇంతకంటె చిన్నదైనచో పుస్తకము కాజాలదను హద్దు ఎచ్చట నున్నది? చేతితో పుస్తకము చేయబూనిన వానికి మొదటి దినముననే యెదురగు ప్రశ్న యిది.

మన పూర్వులకు కాగితముకంటె తాటాకే పరిచితము. కావ్యములు, వైద్యగ్రంథములు, జాతకములు, గ్రామకరణముల కవిలెకట్టలు అన్నియు దానిపైననే వెలసినవి. ఆకు మిక్కిలి లేతదై యుండరాదు, ముదిరి పెళుసెక్కియు నుండరాదు. నడిమి ఈనెను తొలగించి, రెండు ప్రక్కల కమ్మలను పసుపు కలిపిన నీట ఉడికించి, నీడను ఆరబెట్టి, బరువుక్రింద నుంచి చదును చేయుదురు. పిమ్మట నునుపైన రాతితోనో, గవ్వతోనో రుద్ది, అంచులు కోసి, అన్నిటిని ఒకే కొలతకు తెత్తురు. రంధ్రములు చేసి, వానిగుండ త్రాడు పోనిచ్చి, పైనను క్రిందను చెక్కబిళ్ళలుంచి కట్టుదురు. త్రాటికొన జారిపోకుండ ఒక గవ్వనో, బిళ్ళనో కట్టుట వాడుక. రావులపాలెమున నా బిళ్ళను కొబ్బరిచిప్పనుండి అరగదీసి చేయవచ్చును. త్రాటికి బదులు అరటినారను పేనవచ్చును. నారను తడిపి పేనవలెను. పొడినార పుటుక్కున తెగును.

తాటాకుపై వ్రాత వ్రాతవలె నుండదు, అది చెక్కుట. కుడిచేత గంటమును పట్టి, ఎడమచేత ఆకును పట్టి, ఎడమ బొటనవ్రేలి ఊతతో ఆకును కొంచెము కొంచెముగ జరుపుచు అక్షరములను గీయుదురు. గీసినపుడు అవి కంటికి సరిగ ఆనవు. దీపపుమసిని నూనెతో కలిపి ఆకుపై రుద్ది, గుడ్డతో తుడిచినపుడు మసి గాటులలో నిలిచి, అక్షరములన్నియు ఒక్కసారిగ నల్లగ తేలును. అంతవరకు లేఖకుడు తన వ్రేలి తెలివినే నమ్ముకొని పనిచేయును. ఆకునందలి నరములు పొడవునకు సాగియుండును; వాని వెంట నిలువని నిడుపు గీత గీసినచో ఆకు చీలును. తెలుగు మొదలగు దక్షిణ దేశపు లిపులు గుండ్రనగుటకు ఇదియు నొక కారణమని పండితులలో పలువురు చెప్పుదురు.

ఆకు దొరకినది, నార దొరకినది. ఇక పద్యమును చిన్న అక్షరములతో వ్రాయుటయే తరువాయి యని తోచును. అసలు చిక్కు ఇచ్చటనే కలదు. ఆంగ్లలిపిలో అక్షరములు వరుసగ ఒకదాని ప్రక్క నొకటి కూర్చుండును. తెలుగు అక్షరము అట్లు కాదు. అది మూడంతస్తుల మేడ. నడుమ హల్లు, పైన గుడియో యేత్వమో, క్రింద ఒత్తు. 'స్త్రీ' అను ఏకాక్షరమునకు పైన గుడిదీర్ఘము, క్రింద రెండొత్తులు. కాబట్టి అక్షరము ఒకటిన్నర మిల్లీమీటర్ల ఎత్తుననున్నచో, పంక్తికి నాలుగు మిల్లీమీటర్ల తావు విడువక తప్పదు. విడువనిచో పై పంక్తి ఒత్తులు క్రింది పంక్తి గుడులపై కూలబడును. పైగా ప, వ, స, ష అను వాని నడుమ భేదము ఒక చిన్న గీతలో, ఒక చిన్న యెడములో నున్నది. అక్షరము తగ్గినకొలది ఆ యెడము మూసికొనిపోవును.

ఒత్తు పోయిన నష్టమేమని అడుగవచ్చును. 'మన్ను' అనగా నేల. ఒత్తు రాలినచో 'మను' అగును. దానికి జీవించుట యని యర్థము. రెండును మంచి తెలుగు మాటలే యగుటచే చదువరికి తప్పు దొరకదు. అయితే పద్యమునందు ఒక కావలివాడు కలడు. 'మన్ను'లో మొదటి అక్షరము గురువు, 'మను'లో లఘువు. ఒత్తు పోగానే గణము చెడును. ఆటవెలదిలో మూడు సూర్యగణములు, రెండు ఇంద్రగణములు రావలసిన పాదమున లెక్క తప్పినచో, వ్రాయువాడు అచ్చటనే ఆగి మాతృకను తిరిగి చూడవలెను. గణవిభజన పరీక్షకొఱకే యనుకొను విద్యార్థులకు ఈ యుపయోగము తెలియదు. తాళపత్రములకు ప్రతులు వ్రాసిన లేఖకులకు మాత్రము తెలియును. వచనగ్రంథములకంటె పద్యగ్రంథములలో కొన్ని తప్పులను పట్టుకొనుట సులభమగుటకు ఛందస్సే హేతువు.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర మచిలీపట్టణమునను రాజమహేంద్రవరమునను ఉద్యోగము చేసినవాడు. తెలుగు గ్రంథముల వ్రాతప్రతులను వెదకి తెప్పించి, పండితులకు జీతములిచ్చి, ఒక ప్రతితో మరియొక ప్రతిని పోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. వేమన పద్యములను ఆంగ్లానువాదముతో 1829లో మద్రాసున ప్రకటించెను. ఒక్కొక్క పద్యము ప్రతికొక్క రీతిగ నుండుట ఆయన యెరిగిన కష్టమే.

అదే 1829లో ఇంగ్లండు దేశపు హావర్తు గ్రామమున పదమూడేండ్ల బాలిక యొకతె పది పద్యములతో ఒక చిన్న పుస్తకమును కుట్టెను. ఆమె పేరు షార్లెట్ బ్రాంటీ. తరువాతి కాలమున గొప్ప నవలాకర్త్రి. 1826లో ఆమె తండ్రి తన కుమారుడు బ్రాన్వెల్‌కు పండ్రెండు కొయ్యసిపాయిలను కొనితెచ్చెను. బాలలందరును ఆ సిపాయిలకు పేరులు పెట్టి, రాజ్యములు కల్పించి, వారు చదువుకొనుటకై పత్రికలు వ్రాయసాగిరి. చదువువారు కొయ్యసిపాయిలు, కావున పుస్తకములును వారి చేతి కొలతకే తగియుండవలెను గదా! కాగితము ప్రియమగుటచే చక్కెర పొట్లముల కాగితమును, గోడకాగితపు ముక్కలను వాడిరి. అచ్చును పోలిన సన్నని అక్షరములతో వ్రాసి, సూదిదారముతో కుట్టిరి. షార్లెట్ 1830లో వ్రాసిన యట్టి యొక పత్రికను 2019లో పారిస్ వేలమున హావర్తులోని బ్రాంటీ వస్తుప్రదర్శనశాలవారు 6 లక్షల యూరోలకు కొనిరి. ఆ పది పద్యముల పుస్తకము 2022లో 12 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడై, తుదకు అదే ప్రదర్శనశాలకు కానుకగ చేరినది. పేకముక్కకంటె చిన్నదైన ఆ పొత్తము నేటికిని పుటలు త్రిప్పి చదువుటకు వీలైయున్నది. ధరకంటె ఈ సంగతియే మెచ్చదగినది.

రావులపాలెపు విద్యార్థి వేమన పద్యములు నూటయెనిమిదింటితో నొక పొత్తమును చేయదలచినచో, ముందుగ లెక్క వేసికొనవలెను. పుట 3 సెంటీమీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల ఎత్తు అనుకొందము. అంచులు విడువగా, పంక్తికి నాలుగు మిల్లీమీటర్ల చొప్పున ఎనిమిది పంక్తులు పట్టును. సన్నని పాళీ కలిగి, చేయి కుదిరినచో పంక్తికి పండ్రెండక్షరములు వ్రాయవచ్చును. ఆటవెలదిలో ఇంచుమించుగ ఏబది అక్షరములుండును. అనగా పద్యమొక్కటికి ఐదారు పంక్తులు చాలును. పుటకు ఒక పద్యము హాయిగ కూర్చుండును. నూటయెనిమిది పద్యములకు నూటయెనిమిది పుటలు, అనగా ఏబదినాలుగు ఆకులు కావలెను.

ఇన్ని తాటాకులను ఒకదానిపై నొకటి పేర్చినచో పొత్తము రెండు సెంటీమీటర్లు మించి ఇటుకవలె నగును. కావున తాటాకు పొత్తమునకు పండ్రెండు పద్యములు, ఆరు ఆకులు చాలును. తక్కిన పద్యములతో శతకమంతయు కావలెనన్నచో కాగితమే తగినది. పలుచని కాగితము మిల్లీమీటరులో పదవవంతు మందము కలది దొరకును. ఏబదినాలుగు ఆకులు కలిసి అరసెంటీమీటరును కొంచెము మించును, అంతే.

6 సెంటీమీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల ఎత్తుగల కాగితపు ముక్కలు ఇరువదియేడు కోసి, ఒక్కొక్కదానిని నడిమికి మడువవలెను. కాగితమునకు కూడ తాటాకునకువలె నారుల పోకడ కలదు. ఆ పోకడ వెంట మడిచినచో మడత సూటిగ వచ్చును. అడ్డముగ మడిచినచో అంచు పగులును. ఒక తుంటను రెండు విధముల వంచి చూచినచో, ఏ వైపు మెత్తగ వంగునో అదియే పోకడ. మడిచిన యిరువదియేడింటిని ఒకదానిలో నొకటి దూర్చరాదు. అట్లు చేసినచో లోపలి యాకులు వెలికి తోసికొనివచ్చి, అంచు మెట్లు మెట్లుగ నగును. మూడేసి కాగితములను ఒక కూర్పుగ చేసి, తొమ్మిది కూర్పులు సిద్ధపరుపవలెను. ప్రతి కూర్పునందు పండ్రెండు పుటలు, పండ్రెండు పద్యములు.

తొందరపడువారు ఇచ్చటనే చిక్కుదురు. మొదటి కూర్పు బయటి కాగితముపై 1, 2, 11, 12 పుటలుండును. నడిమి దానిపై 3, 4, 9, 10. లోపలి దానిపై 5, 6, 7, 8. కాగితమును విప్పి వరుసగ పద్యములు వ్రాసికొనిపోయినచో, కుట్టిన పిదప రెండవ పద్యము తరువాత ఐదవది ప్రత్యక్షమగును. పుటల సంఖ్యలను సీసపుకడ్డితో ముందే గుర్తు వేసికొనుట ఉత్తమము. అచ్చుకూటములలో పెద్ద కాగితముపై పదునారు పుటల నొకేమారు ముద్రించునపుడును ఈ లెక్కయే నడచును. కావున దీనిని నేర్చినవాడు అచ్చుపనిలో కొంత నేర్చినట్లే.

కుట్టుటకు మడతలో మూడు రంధ్రములు చాలును. సూది నడిమి రంధ్రమున బయలుదేరి, పైదానినుండి క్రిందిదానికి పోయి, మరల నడిమికి వచ్చి ముడిపడవలెను. ఒక కూర్పు దారమును తరువాతి కూర్పు దారముతో కొంకి వేసి బిగించుచు పోవలెను. అరటినారలో మిక్కిలి సన్నని పోగు ఏరికొన్నచో దీనికిని పనికివచ్చును. ముందు వెనుకల ఖాళీగ విడుచుటకు ఒక్కొక్క కాగితము చేర్చి, వెన్నుకు పలుచగ జిగురు పూయవలెను. మైదాపిండి నీట ఉడికించిన జిగురు కాగితమునకు మేలైనది. బైండింగు పనివారు పురుగు పట్టకుండ అందులో మైలతుత్తము కలుపుదురు. అది విషము, బాలురు ముట్టరాదు. అట్ట అంచులకు పాతచీర జరీముక్క అతికించినచో పొత్తమునకు శోభ వచ్చును.

ఇంతకంటె చిన్నదిగ చేయగలవారు లేకపోలేదు. స్కాట్లండులోని గ్లాస్గో నగరమున డేవిడ్ బ్రైస్ అను ప్రచురణకర్త 1896లో బైబిలును చిన్న పొత్తముగ అచ్చొత్తించి, దానితో భూతద్దమును కూడ జతపరచెను. ఆయన ప్రచురించిన అంగుళము పాటి ఖురానును లోహపుపెట్టెలో నుంచి, భూతద్దముతో సహా మొదటి ప్రపంచయుద్ధమున పలువురు మహమ్మదీయ సైనికులు వెంట తీసికొనిపోయిరి. పెద్ద అచ్చును ఛాయాచిత్ర సాధనమున కుదించి చేసినవి యివి. చూపునకు అద్దము సాయపడినంతవరకు అవి గ్రంథములే. 2013లో జపానునందు టొప్పన్ ముద్రణాలయమువారు ప్రక్కకు మిల్లీమీటరులో ముప్పాతిక మాత్రమేయగు పూలపుస్తకమును వెలువరించిరి. కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయమున 2007లో చేసిన పుస్తకము వెడల్పు మిల్లీమీటరులో నూటికి ఏడు పాళ్ళు. దానిని చదువుటకు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కావలెను. అది యంత్రనైపుణ్యమునకు నిదర్శనమే. దానిని వ్రేలు త్రిప్పజాలదు, కన్ను చదువజాలదు.

మన తెలుగువారిలోను సూక్ష్మశిల్పులు కలరు. హైదరాబాదునకు చెందిన రామగిరి స్వారిక 2020లో భగవద్గీతను 4,042 బియ్యపుగింజలపై వ్రాసెను. ఆ యోపిక అసాధారణము. అయితే గింజలు చెదరినచో ఏది ముందో, ఏది వెనుకనో తెలియదు. ఆకులను ఒక క్రమమున నిలుపు దారపు విలువ అచ్చట స్ఫురించును. సిరిసిల్ల నేతగాడు నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో పట్టు చీరను నేసి ఖ్యాతి గాంచెను. ఆయన కుమారుడు నల్ల విజయ్ 2022లో అట్టి చీరనే నేసి హైదరాబాదున ప్రదర్శించెను. మడత విప్పినచో అది కట్టుకొనదగిన నిండుచీర. అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాకలో అంకుడుకర్రను తరిమెనపట్టి, లక్కరంగులద్ది చేయు లక్కపిడతలు ఏ తెలుగు బాలికకు తెలియవు? ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. గుప్పెటలో నిముడు ఆ పిడతకును మూత తీయవచ్చును, గింజలు పోయవచ్చును, తిరిగి మూయవచ్చును. బాలిక దానిలో ఉత్తుత్తి అన్నము వండి చెలికత్తెలకు వడ్డించును. మూత కదలని పిడతను ఆమె ఆటకు పిలువదు.

కోనసీమలో పొత్తమునకు ప్రబలశత్రువు తేమ. గోదావరి వరదలు, తుపానులు ఈ సీమకు క్రొత్తవి కావు. 1986 ఆగస్టున గోదావరి పొంగినది; 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన పెనుగాలి కోనసీమ కొబ్బరితోటలను నేలగూల్చినది. అటకపై నుంచిన తాళపత్రములకు నీరు తగిలినచో అవి ఒకదాని కొకటి అంటుకొని, బూజుపట్టి, విప్పబోగా ముక్కలగును. నీరు తగులకున్నను రామబాణపు పురుగులు రంధ్రములు చేయును. అందుచే వేపాకును, వసకొమ్మును పొత్తముల నడుమ నుంచెడువారు. ఎంత కాపాడినను ఆకునకు ఆయువు పరిమితము; శిథిలమగుటకు ముందే క్రొత్త ప్రతి వ్రాసికొనుచుండెడివారు. మనకు నేడు లభించుచున్న ప్రాచీన కావ్యములలో పెక్కింటికి కవి స్వహస్తముతో వ్రాసిన ప్రతి లేదు. ప్రతికి ప్రతి, దానికి మరియొక ప్రతి, ఇట్లు పేరు తెలియని లేఖకుల చేతులమీదుగ అవి వచ్చినవి. వారిలో ఒకడైనను 'ఇంత చిన్న ఒత్తే గదా' యని విడిచినచో, ఆ తప్పు తరువాతివారందరికి సంక్రమించును. రాజమహేంద్రవరపు గౌతమీ గ్రంథాలయమునను, కాకినాడలోని ఆంధ్ర సాహిత్య పరిషత్తునందును అట్టి తాళపత్రములు భద్రపరుపబడియున్నవి. వానిని చూడబోవువారు అక్షరముల సన్నదనమునకు ఆశ్చర్యపడుదురు. ఆశ్చర్యపడిన కన్ను ఒక్క పంక్తినైన ఓపికతో కూడబలుకుకొని చదివినచో, ఒత్తులు చెక్కుచెదరక యుండుటను గుర్తించును.

విద్యార్థి పొత్తము పూర్తియైన పిమ్మట దానిని మరియొకనిచే చదివింపవలెను. వ్రాసినవాడు తన తప్పును తాను చూడజాలడు. పద్యము నోటికి వచ్చుటచే లేని ఒత్తును సైతము ఉన్నట్లే చదువును. ఒకడు మాతృకను గట్టిగ చదువుచుండగా, రెండవవాడు చిన్న పొత్తములో వ్రేలుపెట్టి పోల్చుకొనవలెను. తప్పు దొరికినచో పుటను కొట్టివేయరాదు. ఆ కాగితమునే తీసి, దానిపైనున్న నాలుగు పద్యములను మరల వ్రాయవలసియుండును. కావున ఈ పరీక్ష కుట్టుటకు ముందే జరుగుట మేలు.

సంక్రాంతికి బొమ్మలకొలువు తీర్చునపుడు, మెట్లపై కొండపల్లి బొమ్మల నడుమ, లక్కపిడతల ప్రక్కన ఈ పొత్తమును నిలుపవచ్చును. పండుగ గడచిన పిమ్మట ఒక ఎండిన వేపాకును పుటల నడుమ నుంచి, పొత్తమును ఖాళీ అగ్గిపెట్టెలో పెట్టి, తేమ తగులని గూటిలో దాచవలెను. అగ్గిపెట్టె అర సరిగ పట్టును.